బొలీవియా రేవులో కృష్ణానగర్ కెప్టెన్

చిట్టీ, నువ్వూ తమ్ముడూ మొన్న ఫోన్లో "అమ్మమ్మా, బొలీవియా రాజధాని ఏంటి?" అని అడిగారు. నేను లాపాజ్ అన్నాను, వెంటనే సూక్రే అని కూడా అన్నాను. "ఒకటే చెప్పు అమ్మమ్మా, పుస్తకంలో ఒక్క ఖాళీనే ఉంది" అని విసుక్కున్నారు. నేనేం చెయ్యనమ్మా? ప్రభుత్వం కూర్చునేది ఒక ఊళ్ళో, రాజ్యాంగం రాజధాని అని చెప్పేది ఇంకో ఊరిని. ఆ దేశం గురించి ఏది అడిగినా రెండు జవాబులు వస్తాయి. నాకు బాగా తెలుసు. దాని కోసం కొన్ని నెలలు ఉద్యోగం చేశాను మరి. అక్కడికి వెళ్ళావా అంటే, లేదు. ఫిల్మ్ నగర్ దాటి వెళ్ళలేదు.

మీ తాతయ్యకి హైదరాబాదు బదిలీ అయ్యింది కదా, అప్పుడు నేను బందరు హైస్కూల్లో సోషల్ టీచరు పని వదిలేసి వచ్చాను. ఎనభైల చివర అనుకోండి. మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కొక్కరే ఇక్కడికి చేరుతున్న రోజులు. జూబ్లీహిల్స్‌లో ఇల్లు కడుతుంటే పక్కన బండ పేలుస్తుండేవాళ్ళు. అలాంటి ఒక కొత్త ఇంట్లో ఓ దర్శకుడి ఆఫీసు ఉండేది. స్క్రిప్టు చక్కటి చేతిరాతతో తిరగరాసే మనిషి కావాలంటే చేరాను. రాస్తూ రాస్తూ సందేహాలు తీర్చే మనిషినైపోయాను. ఢిల్లీలో మంచు కురుస్తుందా, జడ్జిగారి బల్ల మీద సుత్తి నిజంగా ఉంటుందా, ఏదొచ్చినా "టీచరు గారిని అడగండి" అనేవాళ్ళు. తెలిసింది చెప్పేదాన్ని. తెలియనిది అడిగి తెలుసుకుని చెప్పేదాన్ని. సినిమాలో మాత్రం వాళ్ళకి కావలసిందే ఉండేది.

ఆ ఏడాది మొదలైన సినిమాలో హీరో అన్నయ్యని దుండగులు ఎత్తుకుపోయి బొలీవియాలో దాస్తారు. బొలీవియానే ఎందుకు? మా నిర్మాతగారికి బ అక్షరం కలిసొచ్చిందట. బ్రెజిల్ ఉంది కదండీ అన్నాను. "అందులో బ కింద ఇంకో అక్షరం వేలాడుతోందమ్మా, మనకొద్దు" అన్నారాయన. కోస్తాలో రైసు మిల్లులున్న మనిషి. మనసు మంచిది, నమ్మకాలు గట్టివి.

షూటింగంతా ఇక్కడే. మన జూబ్లీహిల్స్ బండలకి పైన కాస్త సున్నం కొడితే ఆండీస్ పర్వతాలు. ఇక స్టూడియో ఫ్లోరులో ఎవరో పాట కోసం కట్టి వదిలేసిన ఓడ సెట్టు ఒకటి ఉంది. రేపో ఎల్లుండో విప్పేస్తారు. "అంత మంచి ఓడని ఊరికే వదలడం ఎందుకు, సీను రాయండి" అన్నారు నిర్మాతగారు. ఆ రోజుల్లో పని అలాగే జరిగేది. సెట్టు ముందు, కథ తర్వాత. కాబట్టి హీరో ఓడలో బొలీవియా చేరతాడు. రేవులో ఆ దేశపు నౌకాదళం ఆఫీసరు సెల్యూట్ కొట్టి స్వాగతం చెబుతాడు. ఆ సీను నా చేత్తోనే ఫెయిర్ చేశాను.

ముహూర్తం షాట్ కూడా అదే అయ్యింది. ముహూర్తానికి కెమెరా ముందు పలికే మొదటి మాట శుభంగా ఉండాలి. చావు, ఏడుపు, లేదు, కాదు ఉండకూడదు. మా హీరోకి రాసిన మాటలన్నీ నరుకుతా, చంపుతా అనేవే. వెతగ్గా వెతగ్గా మంచి మాట ఒక్కటే దొరికింది, అది ఆఫీసరుది: "ఈ గడ్డ మీద అడుగు పెట్టిన మీకు స్వాగతం. ఇక విజయం మీదే!" హీరో ఊరికే నవ్వితే చాలు.

ఆఫీసరు వేషానికి, సినిమా గుంపులవాళ్ళుండే కృష్ణానగర్ నుంచి ఒకతన్ని తెచ్చారు. నలభై దాటినవాడు, పొడుగ్గా నిటారుగా ఉంటాడు. ఎన్నో ఏళ్ళుగా గుంపులో పోలీసుగా, పెళ్ళిలో చుట్టంగా, కోర్టులో జనంగా నిలబడుతున్నాడు. నోరు విప్పి మాట్లాడడం అదే మొదలు. తెల్ల యూనిఫాం వేసుకుని ఒక్క టేకులో చెప్పేశాడు. కొబ్బరికాయ కొట్టారు, అందరూ చప్పట్లు కొట్టారు, హీరో అతని భుజం తట్టాడు. సాయంత్రానికల్లా కృష్ణానగర్ సందులన్నిటికీ కబురు చేరింది. టీ హోటల్లో "కెప్టెన్ సాబ్ వచ్చిండు, జర జాగా ఇయ్యుండ్రి" అనడం మొదలుపెట్టారట. మేమూ అతన్ని కెప్టెనే అనేవాళ్ళం.

తర్వాత కొద్ది రోజులకి ఆర్ట్ డైరెక్టరు విలన్ స్థావరం గోడ మీద పెద్ద దక్షిణ అమెరికా పటం గీయాలని నన్ను అట్లాసు తెమ్మన్నాడు. తెచ్చి బల్ల మీద పరిచాను. అతను వేలుతో బొలీవియా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఇంకోటి చేశాడు.

"టీచరు గారూ, సముద్రం ఎటువైపండీ?"

నేను వంగి చూశాను. పడమర చిలీ, పెరూ. తూర్పు, ఉత్తరం బ్రెజిల్. కింద పరాగ్వే, అర్జెంటీనా. చుట్టూ నేలే. చిత్రమేంటంటే, "సముద్ర తీరం లేని దేశాలు బొలీవియా, పరాగ్వే" అని నేనే బోర్డు మీద రాసి పిల్లల చేత అనిపించేదాన్ని. బళ్ళో చెప్పిన బొలీవియా, ఆఫీసులో రాసిన బొలీవియా ఒకటేనని నా బుర్రకి తట్టలేదు. ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

దర్శకుడొచ్చి అట్లాసుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కుర్రవాడు, పరదేశపు సినిమాలు క్యాసెట్లలో తెగ చూసేవాడు. పత్రికల్లో సమీక్షలంటే భయం.

"నన్ను ఉతికేస్తారు మేడమ్. భూగోళం తెలియని దర్శకుడని హెడ్డింగ్ పెడతారు."

"దేశం మార్చేద్దామా?" అన్నాను.

"పాట రికార్డయిపోయింది. పల్లవిలో బొలీవియా ఎనిమిదిసార్లు ఉంది."

"అయితే రేవు సీను తీసెయ్యండి."

ఆ మాటకి నిర్మాతగారు కుర్చీలోంచి లేచారు. "ముహూర్తం షాట్ తీసేస్తావా? మా వంశంలో అలాంటి పని ఎవరూ చెయ్యలేదు!" ఆయన వంశంలో అంతకుముందు సినిమా తీసినవాళ్ళే లేరు.

చివరికి రాజీ కుదిరింది. షాట్‌లో హీరో నవ్వు ఒక్క క్షణం ఉంచుతారు. ఓడ, రేవు, ఆఫీసరు, అతని మాట, అన్నీ కత్తిరిస్తారు.

మర్నాడు పొద్దున్నే కెప్టెన్ ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"టీచరమ్మా, ఆ దేశంల సముద్రం లేదంట గదా. నిజమేనా?"

"నిజమే నాయనా."

"గంత పెద్ద దేశానికి సముద్రం లేకుంట ఎట్లుంటదమ్మా?" అని, తనే నవ్వాడు. "మా నల్గొండకు మాత్రం ఏడున్నది! నేను గూడ సముద్రం జూడలె. మీ బందర్ల ఉంటదంట గదా, ఎట్లుంటది?"

ఏం చెప్పను? "పెద్దగా ఉంటుంది, చప్పుడు చేస్తూ ఉంటుంది" అన్నాను. అతను తలూపాడు.

"మా అమ్మకు కండ్లు మసకమ్మా. ఎలుగు కనవడతది గని మొకాలు కనవడయ్. నేను సిన్మాలల్ల ఉన్ననంటే ఇన్నేండ్ల సంది నవ్వుతది. గుంపుల ఏడనో నిలవడ్డోన్ని ఆమె ఎట్ల సూస్తది? గీసారి మాట ఉన్నదమ్మా అని చెప్పి వచ్చిన. నీ మాటయితే గుర్తువడ్తనురా అన్నది. ఊర్లె అందరికి చెప్పుకున్నదంట. గిప్పుడు పోయి సముద్రం లేదని చెప్పాల్నా?"

నేను ఆలోచించి చెబుతాననో ఏదో అన్నాను. ఏం ఆలోచించాలో మాత్రం తెలియలేదు. మ్యాపులో సముద్రం లేదు. నేను తెచ్చిపెట్టలేను.

అయినా ఆ మధ్యాహ్నం బస్సెక్కి ఊళ్ళో పెద్ద లైబ్రరీకి వెళ్ళాను. దక్షిణ అమెరికా అరలో ఉన్నవే నాలుగైదు పుస్తకాలు, వాటి మీద దుమ్ము కూడా కదిలిన గుర్తు లేదు. పాత పుస్తకం ఒకటి తీసి పటం చూస్తే, పడమటి వైపు బొలీవియా కాస్తంత సముద్రాన్ని తాకుతోంది! కొత్త పుస్తకంలో తాకడం లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

చదవగా తేలిందేంటంటే, ఒకప్పుడు తీరం ఉండేదట. అదీ పచ్చటి తీరం కాదు, వాన చుక్క ఎరగని ఎడారి. అక్కడ దొరికేది పక్షుల రెట్ట, ఒక రకం ఉప్పు. రెండూ పొలాలకి మంచి ఎరువు. ఆ ఉప్పు తుపాకిమందుకీ పనికొస్తుంది. దాని మీద పన్ను విషయంలో చిలీతో గొడవ వచ్చి యుద్ధమై, బొలీవియా ఓడిపోయింది. తీరం పోయింది. వందేళ్ళు దాటింది. అక్కడితో ఆగలేదు. ఉత్తరాన రబ్బరు చెట్ల అడవి బ్రెజిల్‌కి పోయింది. ఆగ్నేయాన పొదల మైదానం కోసం పరాగ్వేతో కొట్లాడితే అందులోనూ చాలా భాగం పోయింది. ఇవన్నీ జరగకముందే స్పెయిన్ వాళ్ళు పొటోసి అనే కొండని తవ్వించి వెండంతా పట్టుకుపోయారు. దేశం చుట్టూ ఎవరో కత్తెర పట్టుకుని తిరుగుతున్నట్టు అనిపించింది నాకు.

ఆ తర్వాతి పేజీ చూసి నిజంగా అయోమయంలో పడ్డాను. ఆ దేశానికి నౌకాదళం ఉంది! ఆఫీసర్లు, తెల్ల బట్టలు, పడవలు, అన్నీ ఉన్నాయి. పన్నెండు వేల అడుగులకి పైన, కొండల మధ్య టిటికాకా అనే మహా సరస్సులో తిరుగుతారు. నదుల్లోనూ తిరుగుతారు. ఏడాదికొక రోజు దేశమంతా సముద్రాన్ని తలుచుకుని ఊరేగింపు తీస్తారు. ఎప్పటికైనా తిరిగొస్తుందని ఆశ. లేనిదాని కోసం యూనిఫాం కుట్టించుకుని నిలబడ్డం పిచ్చా, పట్టుదలా? నాకు తేలలేదు. బందరులో పుట్టినదాన్ని, సముద్రం లేకపోవడం అంటే ఏమిటో నాకేం తెలుసు?

మర్నాడు ఆఫీసులో కథా చర్చ. పెసరట్లు వచ్చాయి, అందరూ కిందే పరుపుల మీద కూర్చున్నారు. సంగతి చెప్పాను.

దర్శకుడు అట్టుముక్క చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "మేడమ్, ఇంకోసారి చెప్పండి. సముద్రం లేదు."

"లేదు."

"నేవీ ఉంది."

"ఉంది."

"ఎక్కడుంది?"

"చెరువులో. అంటే సరస్సులో. కొండ మీద."

నిర్మాతగారు తొడ మీద చరుచుకున్నారు. "చూశావటయ్యా? నా ముహూర్తం అబద్ధమాడుతుందా?"

"అది కాదండీ, హీరో ఓడెక్కి చెరువులో దిగుతాడా? ఎక్కడెక్కాడు మరి?"

"అవతలి ఒడ్డున పెరూ ఉంది. అక్కడెక్కి ఇటు దిగాడు" అన్నాను. అది నిజమే, ఆ సరస్సు సగం పెరూది.

"ఇది జనం నమ్ముతారా?"

"హీరో ఇరవై మందిని ఒక్కడే కొడితే నమ్ముతున్నారు కదయ్యా," అన్నారు నిర్మాతగారు, "చెరువు నమ్మలేరా?"

ఆర్ట్ డైరెక్టరు చట్నీ గిన్నె పక్కకి జరిపి అక్కడే బొమ్మ గీశాడు. విప్పేసిన ఓడ ముక్కలు ఇంకా ఫ్లోరు వెనకే ఉన్నాయి, వాటిని మళ్ళీ నిలబెట్టి, వెనకాల మంచు కొండల తెర ఒకటి కట్టి దూరం నుంచి ఒక షాట్ తీస్తే సముద్రం సరస్సు అయిపోతుంది. ముహూర్తం షాట్ దగ్గర్నుంచి తీసింది, దాని వెనక నీలం గుడ్డ తప్ప ఏమీ కనపడదు. ముట్టుకోనక్కర్లేదు.

దర్శకుడు నా వైపు తిరిగాడు. "సరే. ఎవరైనా నవ్వితే మాత్రం మీ ఇంటి అడ్రసిస్తాను మేడమ్."

సీను బతికింది. ఆ సాయంత్రం కృష్ణానగర్ చివర కెప్టెన్ కనపడితే చెప్పాను. "చెరువైనా మంచిదే టీచరమ్మా, చెరువైతే నేను జూసిన" అన్నాడు. మనిషి మొహం వెలిగిపోయింది.

నేను సంతోషంగానే ఉన్నాను. సినిమాలో ఇంకో గది ఉంటుందన్న సంగతి మర్చిపోయాను.

అప్పట్లో సెట్లో మాట్లాడినదేదీ సినిమాలో వినిపించదు పిల్లలూ. అంతా తర్వాత డబ్బింగ్ థియేటర్లో మళ్ళీ చెప్పించేవాళ్ళు. పెద్ద నటులు తమ గొంతు తామే ఇస్తారు. చిన్న వేషాలకి మాత్రం గొంతులివ్వడమే పనిగా ఉన్న నలుగురైదుగురు కూర్చుని, ఒక్కొక్కరు పదేసి మందికి మాట్లాడేసేవాళ్ళు. కెప్టెన్ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళితే, నీ మాట పొద్దున్నే అయిపోయిందని చెప్పి పంపించేశారట.

నేను దర్శకుడి దగ్గరికి వెళ్ళాను. "అతని చేత ఒక్కసారి చెప్పించండి. ముహూర్తానికి అంత బాగా చెప్పాడు కదా."

"మేడమ్, బొలీవియా ఆఫీసరు నల్గొండ యాసలో మాట్లాడితే ఎలా ఉంటుంది?"

"గుంటూరు యాసలో మాట్లాడితే బాగుంటుందా?"

అతను నవ్వాడు. "యాస కూడా కాదు మేడమ్. హీరో ఎదురుగా నిలబడే గొంతు కావాలి. గంభీరంగా. అయిపోయింది, వదిలెయ్యండి" అన్నాడు మెల్లిగా. చెడ్డవాడు కాదు. అతనికి అతని సినిమా ఉంది.

మొహం అతనిదే, బట్టలు అతనివే, మాట వేరేవాళ్ళది. మరి నేను సాధించిందేంటి? గెలిచానా, ఓడానా? ఇంటికొచ్చి మీ తాతయ్యని అడిగితే, "సీను ఉందిగా?" అన్నారు. ఉంది. "మరింకేం?" అన్నారు.

సినిమా విడుదలైన వారానికి కెప్టెన్ వాళ్ళమ్మని ఊరి నుంచి తీసుకొచ్చాడు. "మీరు గూడ రాండ్రి టీచరమ్మా, నాకు జర ధైర్యముంటది" అన్నాడు. మ్యాట్నీకి వెళ్ళాం. ఆవిడ ఎర్రంచు చీర కట్టుకుని, మా ఇద్దరి మధ్యా కూర్చుంది. చిన్న మనిషి. మొహం తెర వైపు కాకుండా చెవి తెర వైపు పెట్టి కూర్చుంది.

"గొంతు సంగతి చెప్పావా?" అని సైగ చేశాను. అతను లేదని తలూపాడు.

ఓడ వచ్చింది. మంచు కొండలు గాలికి కాస్త ఊగాయి, ఎవరూ పట్టించుకోలేదు. తెర నిండా కెప్టెన్, తెల్ల టోపీ పెట్టుకుని, మహారాజులా. నోరు తెరిచాడు. ఎక్కడి నుంచో ఖంగున మోగే గొంతు, "ఈ గడ్డ మీద అడుగు పెట్టిన మీకు స్వాగతం. ఇక విజయం మీదే!" అంది. హాల్లో ఈలలు వేశారు. హీరో నవ్వినందుకు.

ఆవిడ కదల్లేదు. అలాగే చెవి పెట్టి వింటోంది. కాసేపటికి కొడుకు చెయ్యి తట్టింది. "ఇంకెప్పుడొస్తవురా?"

"వస్తనమ్మా. ఇంటర్వెల్ అయినంక."

ఇంటర్వెల్లో ఆవిడ కదలనంది, ఈలోగా వచ్చేస్తాడేమోనని. అతను నన్ను పక్కకి పిలిచి, "ఏం జేద్దాం టీచరమ్మా?" అన్నాడు. చెప్పెయ్యమనాలా, వద్దనాలా? ఊళ్ళో అందరికీ చెప్పుకున్న మనిషి. ఇన్నేళ్ళు అందరి సందేహాలూ తీర్చినదాన్ని, ఆ వరండాలో అలా నిలబడిపోయాను. బెల్లు కొట్టారు.

రెండో సగంలో హీరో ఒంటరిగా ఉప్పు ఎడారిలో నడిచే చోటు ఒకటి ఉంది. సంగీతం కూడా ఆగిపోతుంది, గాలి చప్పుడు మాత్రం సన్నగా వినిపిస్తుంది. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు నా పక్కన కుర్చీ కిర్రుమంది. కెప్టెన్ నిటారుగా కూర్చున్నాడు, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు, తెర వైపు చూస్తూ గట్టిగా చెప్పాడు.

"ఈ గడ్డ మీద అడుగు పెట్టిన మీకు స్వాగతం. ఇక విజయం మీదే!"

గొంతు గంభీరంగా ఏం లేదు. కొంచెం వణికింది కూడా.

హాల్లో సగం మంది వెనక్కి తిరిగారు. ముందు వరసలో ఒకాయన లేచి నిలబడి, "ఎవడ్రా వాడు, మధ్యల లొల్లి?" అని అరిచాడు.

ఆవిడ ఆ అరుపు వచ్చిన వైపుకి మొహం తిప్పింది.

"నా కొడుకు" అంది.